కుళ్ళాయప్ప అబ్బివృద్ధి

కుళ్ళాయప్పని ఒగాయప్ప ఉండె మా తుమ్మలకోటలో. బోర్ల కుళ్ళాయప్ప అంటే సుట్టుపక్కల తెలీనోళ్ళు లేరు. ఆయప్పకు బోరు లారీ ఉండె. యాడ బోరెయ్యాలన్నా ఆయప్పే రావాల. అరచేతిలో టెంకాయ పెట్టుకోని చేను మీద నడుస్తాడు అనుకో, ఆ టెంకాయ యాడ నిక్కి నిలబడితే ఆడ ఎయ్యండ్రా అంటాడు. పడితే గంగమ్మ దయ, పడకుంటే మీ రాత అంటాడు. శానామటుకు పడేటివిలే, ఉన్నమాట చెప్పాల. మనిషి మంచోడే. నోరు మాత్రం పెద్దది. ఆ మిషను సద్దులో ఇనపడాలంటే అరవాల గదా, అట్ల అరిసి అరిసి అలవాటైపోయి ఇంట్లో ఉప్పడిగినా ఈది కొసకు ఇనపడేది. ఇట్లుండగా ఏమైందంటే, మా తుమ్మలకోట మున్సిపాల్టీ పోయి కార్పొరేషను అయ్యింది. అయ్యిందంటే మాకేం తేడా తెల్లేదు, బోర్డు మార్చినారు, అంతే. కార్పొరేషనంటే మేయరు ఉండాలంట. అప్పట్లో మేయరుకు జనమే నేరుగా ఓటేసేది, ఇప్పటి మాదిరి కార్పొరేటర్లు కూర్చోని ఎన్నుకునేది కాదు. సరే, ఎవురు నిలబడతారు అంటే రైసుమిల్లు శేషాద్రి నిలబడె. ఆయప్ప నిలబడినాడని మన కుళ్ళాయప్ప కూడా నిలబడె. ఏమప్పా, నీకెందుకప్పా ఈ గాలిదుమారం అని అడిగితే, "ఇన్నేండ్లూ భూమి లోపల జూసినా, ఇంగ పైన రోంత జూద్దాం" అనెనంట.

ఇంగ మేయరుకు నిలబడినాక ఉపన్యాసం చెప్పాల గదా. కుళ్ళాయప్పకు అరిసేది వచ్చు, ఉపన్యాసం రాదు. అందుకని వీరభద్రయ్యని తెలుగయ్యవారు ఉండె, రిటైరైపోయి అరుగు మీద కూర్చోని పోయేవాళ్ళ మాటల్లో తప్పులు పట్టుకునే ఆయప్ప, ఆయన్ను పిల్చుకోనొచ్చె. అయ్యవారు కండ్లజోడు పైకి తోసుకోని, "నాయనా, నువ్వు మాట్లాడే భాష బోరు కాడికి సరిపోతుంది, మేయరు కుర్చీకి సరిపోదు" అని ఈ మందాన కాగితాలు రాసిచ్చినాడు. అందులో అన్నీ పెద్ద పెద్ద మాటలే. అన్నిట్లోకి పెద్దమాట అభివృద్ధి. పేజీకి పదిసార్లు ఉంటుందంట. పట్టణాభివృద్ధి, సర్వతోముఖాభివృద్ధి, ఇంగా ఏమేమో. కుళ్ళాయప్ప నేర్చుకున్నాడు పాపం. నేర్చుకున్నాడు గానీ మన నోర్లకు ఆ ఒత్తులు యాడ తిరుగుతాయి చెప్పు? భీముడంటే బీముడంటాం, ధర్మమంటే దర్మమంటాం. కుళ్ళాయప్ప నోట్లో పడినాక అది అబ్బివృద్ది అయి కూర్చున్యాది. అయ్యవారు రెండ్రోజులు కూర్చోబెట్టి, "భి, భి, పొట్టలోంచి గాలి రావాల" అని నేర్పిచ్చినాడంట. పొట్టలోంచి గాలి వచ్చిందంట గానీ భి మాత్రం రాలేదంట. నవ్వద్దు నాయనా, జరిగిందే చెప్తాండా.

ఆయప్ప గొంతే క్యాసెట్లోకి ఎక్కిచ్చి, ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పినారు. ఆ మైకు ఒగపక్క చినిగిపోయి ఉండె. మాట మాటకు ఒగ గుక్క మింగుతాండె. నేను మార్కెట్లో కొత్తిమీర కట్టలు ముందరేసుకోని కూర్చోనుంటిని. నా పక్కన వంకాయల సుంకమ్మక్క. ఆయక్క పక్కన టమోటాల రంగమ్మ. మేం ముగ్గురం ముప్పై ఏండ్లుగా అదే వరస, మారేది లేదు. పొద్దున తొమ్మిదిన్నరకు ఆటో వచ్చె. "కుళ్ళాయప్ప కోరేది ఒగటే! అబ్బి... వృద్ది! మీరందరూ ఓటెయ్యాల్సింది దేనికి? అబ్బి... వృద్దికి!" అని అరుస్తాండె. మాకాడ మగపిల్లోన్ని అబ్బి అంటాం, ఆడపిల్లను అమ్మి అంటాం, నీకు తెల్సుగదా నాయనా, నువ్వూ ఈ పక్కోడివే గదా. రంగమ్మ తక్కెడ ఎత్తినదెత్తినట్టే పెట్టుకోని, "ఏంది మారెక్కా, ఏమంటాండాడు ఆయప్ప?" అనె. మారెక్క అంటే నేనే. "వాళ్ళబ్బి వృద్ధిలోకి రావాలంట, అందుకు మనం ఓటెయ్యాలంట" అని చెప్తి. నాకు అట్లే ఇనపడె మరి. సుంకమ్మక్క వంకాయలు తుడిసేది ఆపి రోంత సేపు ఆలోచన చేసి, "ఏమన్నా అనుకో, నిజాయితీ మనిషే. నిలబడేటోళ్ళంతా వాళ్ళ అబ్బిల కోసరమే నిలబడేది. లోపల్లోపల చేసుకుంటారు గానీ, ఇట్ల మైకు కట్టుకోని చెప్పినోడు ఈయప్పొక్కడే" అనె. మేం కూడా అవునవును అంటిమి.

అంతలో రంగమ్మకు గుర్తొచ్చె. "మేయ్, ఆయప్పకు అబ్బి యాడుండాడు? ఉండేది ఒగతే అమ్మి గదా, హేమావతి!" అనె. అంతే, ఇంగ మార్కెట్లో బేరాలు ఆగిపాయ. నిజమే గదా. ఆయప్పకు కూతురొక్కతే. అయితే ఏ అబ్బి వృద్ధి కావాల? ఇంగ మా నోర్లకు పనిపడె. నేనే అంటిని, నా తప్పే ఒప్పుకుంటా, "బోరు లారీ వేసుకోని ఊరూరు తిరిగేటోడు, యాడో ఒగచోట ఇంగో సంసారం పెట్టింటాడు" అని. ఉత్తమాట. ఊరికే అంటిని. అది నా దగ్గర బయల్దేరి ఉల్లిపాయల వరసకు పొయ్యేతలికి ఆ సంసారం బళ్ళారిలో పడింది. చింతపండు అంగళ్ళకు పొయ్యేతలికి ఆ అబ్బికి పద్నాలుగేండ్లు వచ్చినాయి. మార్కెట్టు గేటు దాటేతలికి అచ్చం కుళ్ళాయప్ప ముక్కే, గొంతు కూడా అంతే పెద్దదంట అనె ఎవురో. మధ్యాన్నం బస్టాండు కాడ ఒగాయప్ప నేను కండ్లారా జూసినా ఆ పిల్లోన్ని, సైకిలు తొక్కుతాండె అని ఒట్టేసి చెప్పెనంట. లేని అబ్బికి సైకిలు కూడా వచ్చె జూడు. ఒగ పొద్దులో మేం పెంచినంత బిరీన ఏ తల్లీ బిడ్డను పెంచిండదు.

ఇంత జరుగుతాంటే కుళ్ళాయప్పకు మాత్రం తెల్దు. ఆయప్పకు ఏమైందంటే, యాడికి పోయినా మొగోళ్ళు ఈపు తట్టి, "గుండె ఉండాల అన్నా, మైకులో చెప్పినావు సూడు, అదీ మొగతనం" అంటాండ్రి. ఆయప్ప అభివృద్ధికే ఇంత పొగుడుతాండారని పొంగిపోయి, ఇంగ రెండు ఆటోలు పెట్టిచ్చె. ఆడోళ్ళేమో ఆయప్ప ఎదురొస్తే కొంగు దులుపుకోని పోతాండ్రి. అది మాత్రం ఎందుకో అర్థం కాలేదంట. ఇంగ ఇంటి సంగతి చెప్తా ఇను. ఇది నేను జూల్లేదు, వాళ్ళింట్లో గిన్నెలు కడిగే లచ్చుమక్క చెప్పింది. ఆయప్ప పెండ్లాం ఈశ్వరమ్మ పిండిమిల్లుకు పోయిందంట. ఆడ ఈయమ్మను జూసి అందరూ గమ్మునైపోయినారంట. ఒగామె మాత్రం దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకోని, "పోనీలే వదినా, మగబిడ్డ అయినా పుట్టినాడు గదా" అనెనంట. ఈశ్వరమ్మ పిండి ఆడనే వదిలేసి ఇంటికొచ్చెనంట. మధ్యాన్నం కుళ్ళాయప్ప ప్రచారం చేసి చేసి ఆకలితో వచ్చి పీట మీద కూర్చున్యాడంట. తట్టలో సంగటి లేదు, ఊరిబిండి లేదు, ఏమీ లేదు. ఏమ్మేయ్ అని అరిసినాడంట. "బళ్ళారికి పో, ఆడ పెడతారు" అనెనంట ఆయమ్మ. బళ్ళారి ఎంత దూరం, అన్నానికి అంత దూరం ఎందుకు పోవాల అన్నాడంట ఆయప్ప, పాపం తెల్దు గదా. "మీ అబ్బి తిన్నాడో లేదో జూసుకోని రాపో" అనెనంట. ఏ అబ్బి? "నీ నోటితోనే ఊరంతా మైకులో చెప్పుకుంటా నన్నడుగుతావా ఏ అబ్బి అని!" అని ఆయమ్మ ఏడిసెనంట. ఆయప్ప గంగమ్మ మీద ఒట్టేసినాడంట, బోరు మిషను మీద ఒట్టేసినాడంట. ఆయమ్మ ఇనలేదంట. ఈది ఈదంతా మాత్రం ఇన్న్యారంట, ఆయప్ప గొంతు అట్లాంటిది గదా.

సరే, శుక్రవారం పొద్దున మార్కెట్లో మీటింగు పెట్టినారు. బోరు లారీయే స్టేజీ. దాని మీద కుళ్ళాయప్ప, పక్కన వీరభద్రయ్య అయ్యవారు కాగితాలు పట్టుకోని. ఆయప్ప మొకం పీక్కపోయి ఉండె, మూడు రోజులుగా హోటలు కూడు తింటాండె మరి. అయినా మైకు చేతికి వచ్చేతలికి ఊపొచ్చె. "నేను మేయరైతే ఈ తుమ్మలకోట రూపమే మార్చేస్తా!" అని మొదలుపెట్టి ఒగటే పోత. నాలుగు దిక్కులా మొకాలుండే గడియారం కడతాడంట. రంగురంగుల నీళ్ళు చిమ్మే ఫౌంటెను పెడతాడంట. నాలుగు బండ్లు పక్కపక్కన పొయ్యే రోడ్డు వేస్తాడంట. మేం కూర్చునే ఈ పాత మార్కెట్టు పగలగొట్టి, మూడంతస్తుల కాంప్లెక్సు కట్టి, అందులో మెట్లు వాటంతటవే పైకి పొయ్యేది పెడతాడంట. "మీరు ఎక్కాల్సిన పనే లేదు, నిలబడితే సాలు, అదే పైకి తీస్కపోతుంది!" అనె. నెత్తిన వంకాయల గంప పెట్టుకోని కదిలే మెట్లెక్కితే ఏమైతుందో సుంకమ్మక్క మొకంలో కనబడె నాకు. వంకాయలన్నీ ముందే కిందికి పోతాయి, మనిషి పైకి పోతుంది. "ఇదంతా దేనికి? అబ్బివృద్దికి!" అని ముగిచ్చె. మొగోళ్ళు చప్పట్లు కొట్టిరి.

అప్పుడు లేచె సుంకమ్మక్క. ఆయక్కకు అరవై ఏండ్లుంటాయి, ఎవురికీ భయపడదు, కలెక్టరు బేరమాడినా అదే రేటు. నడుముకు కొంగు చుట్టుకోని, "కుళ్ళాయప్పా, రోంత ఆగు నాయనా. మీ అబ్బి వృద్ధి సరే, వానికి గడియారం, వానికి ఫౌంటెను, వానికి రోడ్డు, అన్నీ సరే. మా సంగతేంది?" అనె. కుళ్ళాయప్ప, "ఏ అబ్బి అక్కా? మూడు దినాల నుండి ఇంట్లో ఇదే, బయట ఇదే! నాకు అబ్బి లేడు!" అని అరిసె. "లేనోని కోసరం ఓట్లెందుకు అడుగుతాండావు మైకు పెట్టి?" అనె ఆయక్క. అప్పుడు అయ్యవారికి ఎలిగింది. తలకాయ పట్టుకోని, మైకు గుంజుకోని, "అమ్మా, తల్లులారా, అది అబ్బి కాదు! అభి! అభి అనేది ఉపసర్గ!" అనె. గుంపులో అందరూ ఒగరి మొకం ఒగరు జూసుకునిరి. రంగమ్మ నా చెవులో, "ఉపసర్గంట మారెక్కా. బళ్ళారి ఆమె పేరు అదే అయింటుంది" అనె. మెల్లగా అంటాననుకున్న్యాది గానీ అందరికీ ఇనబడిపాయ. అయ్యవారు కుర్చీలో కూలబడె. గుంపులోంచి ఒగామె, "పేరు కూడా చెప్పేసినారు, ఇంగేం మిగిల్యాది" అనె. అప్పుడు జూస్తిని, ఎనకపక్క ఉల్లిపాయల మూటల కాడ ఈశ్వరమ్మ నిలబడుండాది. అయ్యవారి దగ్గర సదువుకున్న్యామె ఆయమ్మ, ఏడో తరగతి దాకా. ఆయమ్మకు ఉపసర్గంటే తెల్సు. మొగుని మొకం జూసె, అయ్యవారి మొకం జూసె, నవ్వు మొదలుపెట్టె. అబ్బ, ఏం నవ్వు! మూటను పట్టుకోని వంగి వంగి నవ్వె. "అబ్బి లేడు, బళ్ళారి లేదు! ఈయప్పకు నోరు తిరక్క వచ్చిన సంసారం ఇది!" అని నవ్వుకుంటా కండ్లు తుడుసుకునె. ఇంగ మార్కెట్టు మార్కెట్టంతా నవ్వు. గంపలు కింద పెట్టి నవ్వితిమి. కుళ్ళాయప్ప కూడా నవ్వె, ఆకలి మీద ఉండి కూడా నవ్వె పాపం.

అందరూ నవ్వినారు గానీ సుంకమ్మక్క కూర్చోలేదు. నవ్వంతా అయిపోనిచ్చి, "సరే, అబ్బి లేడు. నీకుండేది అమ్మి గదా కుళ్ళాయప్పా. అమ్మి వృద్ధి సంగతేంది? నీ అమ్మి ఈడ నా పక్కన ఒగ పొద్దు కూర్చోని వంకాయలమ్మితే, యాడికి పోతుంది చెప్పు?" అనె. యాడికి పోయేదేంది అనె ఆయప్ప. మొగోళ్ళెవరికీ అర్థం కాలేదు. మాకందరికీ అర్థమాయ, తలకాయలు వంచుకుంటిమి. ఎందుకంటే ఆ మాట మేమెప్పుడూ బయట అన్నది లేదు. సుంకమ్మక్క అనేసె. "ఒంటికి పోవాలంటే యాడికి పోతుంది నీ అమ్మి? ఈడ నూటా ఇరవై మంది ఆడోళ్ళం కూర్చుంటాం. తెల్లారుజామున ఆటోలెక్కి వస్తాం, సాయంత్రం బస్సుకు పోతాం. ఒగ గోడ లేదు, ఒగ తలుపు లేదు. మొగోళ్ళకు ఊరంతా గోడలే. మేమేం చేస్తామో తెల్సునా? నీళ్ళు తాగం. పొద్దున ఇంట్లో తాగింది తాగిందే, మళ్ళీ ఇంటికి పోయినాకే తాగేది. ఎండాకాలం గూడా." నేను చెప్పనా నాయనా, నేను ముప్పై ఏండ్లు అట్లే బతికినా. నాలిక పిడచకట్టుకపోయేది. మంట పుట్టి ఆస్పత్రికి పోతే, నీళ్ళు బాగా తాగమ్మా అని డాక్టరమ్మ చెప్పేది. ఆయమ్మకు ఎట్ల చెప్పేది, తాగేది మా చేతిలో లేదని? రంగమ్మకు ఒంట్లో రాయి కూడా పడె. అయినా ఎవురికీ చెప్పుకోలేదు. సిగ్గు.

అప్పుడు ఈశ్వరమ్మ లారీ ముందరికొచ్చి కుళ్ళాయప్పతో, "వాళ్ళదాకా ఎందుకు? మన హేమ బళ్ళో నీళ్ళు తాగదు. పొద్దున బాటిలు నింపి పంపిస్తా, సాయంత్రానికి నింపింది నింపినట్టే తెస్తుంది. రెండేండ్లుగా ఇదే. నీకు తెల్సునా?" అనె. ఆయప్పకు తెల్దు. మొకం జూస్తేనే తెలిసిపాయ తెల్దని. మైకు కిందికి దించి మెల్లగా, ఆ గొంతులోంచి అంత మెల్లగా మాట వస్తుందని మాకు తెల్దు, "నూరూర్లకు నీళ్ళు తీసినోన్ని నేను. నీళ్ళు పైకి ఎగిసినప్పుడు జనం ఎగురుతాంటే జూసి మురిసిపోయినోన్ని. నా ఊర్లో, నా ఇంట్లో, ఆడోళ్ళు నీళ్ళు తాగరా?" అనె. కండ్లల్లో నీళ్ళు తిరిగె ఆయప్పకు. నాకూ తిరిగె, దాసుకోను. అయ్యవారి చేతిలో కాగితాలు తీసుకోని మడిసి జోబీలో పెట్టుకోని, "గడియారం లేదు, ఫౌంటెను లేదు. ముందర మీకు గోడ, తలుపు, నీళ్ళు. బళ్ళల్లో గూడా. ఇదే నా అబ్బివృద్ది" అనె. సుంకమ్మక్క ఒప్పుకోలే. "అబ్బి కాదు, సరిగ్గా చెప్పు" అనె. ఆయప్ప నవ్వి, గట్టిగా, ఈసారి మైకు అక్కర్లేకుండానే, "అమ్మి వృద్ధి!" అని అరిసె. ఆ మాటకు మాత్రం ఆయప్ప నోరు బ్రమ్మాండంగా తిరిగె. ఆ మధ్యాన్నం ఇంట్లో సంగటి, ఊరిబిండి, కోడికూర కూడా పడిందంట తట్టలో, లచ్చుమక్క చెప్పింది.

ఇంగ ప్రచారమంతా మారిపాయ. అయ్యవారు అమ్మివృద్ధి అనే మాట ఏ నిఘంటువులోనూ లేదు నాయనా అని మొత్తుకున్నాడంట. ఇంగమీదట ఉంటుందిలే సామీ అనెనంట కుళ్ళాయప్ప. ఆటోలో క్యాసెట్టు మార్చి ఈశ్వరమ్మ గొంతు పెట్టినారు. రైసుమిల్లు శేషాద్రికి ఇది దొరికింది సందు. బోర్ల కుళ్ళాయప్పను మరుగుదొడ్ల కుళ్ళాయప్ప అని పేరు పెట్టి నవ్విచ్చె ఊరంతా. ఆ శేషాద్రేమో తుమ్మలకోటకు ఇమానాల స్టేషను తెస్తానని చెప్తాండె. అది చెప్పేదానికి మార్కెట్టుకు కూడా వచ్చె. "అక్కా, గంపలో వంకాయలు పొద్దున కోసి మధ్యాన్నానికి బొంబాయి చేర్చొచ్చు" అనె. సుంకమ్మక్క, "ఇమానంలో బాత్రూము ఉంటుందంట గదా నాయనా?" అని అడిగె. ఉంటుందక్కా, ఉంటుంది అని సంబరంగా చెప్పె ఆయప్ప. "అయితే మాకు ఒంటికి వచ్చినప్పుడంతా బొంబాయి పొయ్యి రావాల్నా?" అనె ఆయక్క. శేషాద్రి మళ్ళా మార్కెట్టు దిక్కు రాలేదు. ఓట్ల రోజు మేం నూటా ఇరవై మందిమి పోతిమి. మా కోడండ్లను పిల్చుకపోతిమి, మా బిడ్డలను పిల్చుకపోతిమి. మొగోళ్ళను కూడా పిల్చుకపోతిమి అనుకో, యాడ గుద్దాలో ఇంట్లోనే చెప్పి. కుళ్ళాయప్ప మేయరు అయ్యె.

గెలిసినాక ఏమైందంటే, కార్పొరేషను ఇంజినీరు వచ్చి, కాగితం మీద గీతలు గీసి, రోడ్డుకు ఎదురుగా తలుపు పెట్టె. రోడ్డు మీద అందరూ జూస్తాంటే ఎవురు పోతారబ్బా అని మేం అంటిమి. సిన్న సిన్న గదులు పెట్టె. గంప యాడ పెట్టుకోవాల, బయట పెడితే ఆవు తింటుంది అంటిమి. ఇంజినీరుకు ఇసుగొచ్చి, "ఇరవై ఏండ్లుగా కడతాండా, మీరు నాకు నేర్పిస్తారా?" అనె. కుళ్ళాయప్ప ఆయప్ప భుజం మీద చెయ్యేసి, "నువ్వు ఇరవై ఏండ్లుగా కడతాండావు సార్, వాళ్ళు ముప్పై ఏండ్లుగా ఆపుకుంటాండారు. ఎవురికి ఎక్కువ తెల్సు?" అనె. అంతే, సుంకమ్మక్క బూడిద తెచ్చి నేల మీద గీత గీసె. తలుపులు లోపలి పక్కకు, గంపలకు గట్టు, కొంగు తగిలిచ్చుకునేదానికి మేకు, చంటిబిడ్డను పండబెట్టేదానికి అరుగు. బూడిద గీత మీదనే పునాది తీసినారు. బోరు మాత్రం కుళ్ళాయప్పే వేసె, టెంకాయ పట్టుకోని నడిసి. మేయరైనా లుంగీ ఎగ్గట్టి మిషను కాడ నిలబడె. నీళ్ళు ఎగిసినప్పుడు మేమంతా తడిసి ముద్దయితిమి. రంగమ్మ ఆ బురదలో సిందులేసె, అరవై కిలోల మనిషి.

ఇంగ ప్రారంభోత్సవం. మంత్రి వస్తాడని పందిరేసిరి, రాతిపలక పెట్టిరి, తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టిరి. పొద్దున పదికి వస్తాడంట. మా సంబరం ఏం చెప్పేది నాయనా! ముప్పై ఏండ్లకు మొదటిసారి మార్కెట్లో కూర్చోని నీళ్ళు తాగొచ్చు గదా. తెల్లారినప్పటి నుండి తాగితిమి. ఈశ్వరమ్మ బిందెలు బిందెలు పెట్టిచ్చె. నిమ్మకాయ పిండుకోని తాగితిమి, మజ్జిగ తాగితిమి, మళ్ళీ నీళ్ళు తాగితిమి, ఒగరినొగరు జూసుకోని ఇంగో చెంబు తాగితిమి. అక్కడే తప్పు జేస్తిమి. పది అయ్యె, మంత్రి రాలే. పదకొండయ్యె, రాలే. నూటా ఇరవై మందిమి కొత్త తలుపు ముందర నిలబడి ఉండాం, మధ్యలో జానెడు రిబ్బను. కత్తెర వెండి తట్టలో పెట్టుకోని ఇంజినీరు కాపలా. ఎవురూ మాట్లాడటంల్యా. నవ్వొస్తుందేమోనని భయం, నవ్వితే ఇంగంతే. పదకొండున్నరకు సుంకమ్మక్క నా దిక్కు జూసె. నేను ఆయక్క దిక్కు జూస్తి. నా కొత్తిమీర కొడవలి నా నడుములోనే ఉండె. ఇంజినీరు ఓ అమ్మా ఓ అమ్మా అంటానే ఉండాడు, నేను ఒగ్గ ఏటుకు తెంపేస్తి రిబ్బను. కుళ్ళాయప్ప చప్పట్లు కొట్టె మొట్టమొదట.

మంత్రి పన్నెండుకు దిగె. వచ్చేతలికి రిబ్బను లేదు, లైను ఉండాది, మార్కెట్టు చుట్టూ తిరిగి ఉండాది లైను. ఆయప్పకు కోపం వస్తుందనుకుంటిమి. రాలేదు. నాలుగు గంటలు కారులో కూర్చోని వచ్చిన మనిషి గదా, మొకం అదో రకంగా పెట్టుకోని కుళ్ళాయప్ప చెవులో ఏమో అడిగె. ఈయప్ప గొంతు సంగతి తెల్సుగదా. "మొగోళ్ళకు కట్టలేదు సార్! అది రెండో ఇడతలో!" అని అరిసె. ఊరంతా ఇన్న్యాది. మంత్రి అటు జూసె, ఇటు జూసె. లైన్లో నుండి సుంకమ్మక్క, "మీకేం నాయనా, ఊరంతా గోడలే గదా" అనె. పాపం, ఆయప్ప ఉపన్యాసం రెండు మాటల్లో ముగిచ్చి, కారెక్కి పాయ. అంత చిన్న ఉపన్యాసం మా ఊరు అంతవరకూ ఇన్న్యాది లేదు. అదీ నాయనా మా కుళ్ళాయప్ప సంగతి. గడియారం ఇప్పటికీ కట్టలేదు, టయిము ఎంతని ఎవురన్నా అడిగితే మేం పొద్దు జూసి చెప్తాం. రాతిపలక మీద మంత్రి పేరు ఉండాదంట, ప్రారంభించినవారు అని. నాకు సదువు రాదులే, ఉంటే ఉండనీ. ఇంతసేపు వాగినా, గొంతెండిపాయ. ఆ చెంబు ఇట్లియ్యి. సగం కాదు, నిండుగా పొయ్యి. ఇప్పుడు నేను భయపడి తాగకుండా ఉండేది లేదు.